నీ నెత్తురు కూడా చూపియ్యి

హేమ్లికి పుట్టిన మొదటి బిడ్డ ఏడవనే లేదు, ఊపిరి లేకుండా పుట్టింది. రెండో బిడ్డ కడుపులోనే పోయాడు. అప్పటినుంచి నస్రుల్లాబాద్ పక్క లంబాడీ తండాలో అత్త ధర్మి ఆమెను ‘పిల్లల్ని మింగేది’ అనడం మొదలుపెట్టింది. విత్తనాలు చల్లే పనికి ఆమెను పిలవడం మానేశారు. ఎవరింట్లోనైనా పురుడు జరిగితే ఆ గుమ్మం ముందు నడవనిచ్చేవారు కాదు. భర్త భద్రు మద్నూర్ మీదుగా మహారాష్ట్రకు లారీ నడిపేవాడు. తల్లి తిడుతుంటే వింటూ అన్నం తినేవాడు తప్ప అడ్డం చెప్పేవాడు కాదు. తిట్ల కన్నా ఆ మౌనాన్నే హేమ్లి ఎక్కువ గుర్తుపెట్టుకుంది.

1977లో మళ్లీ నెల తప్పింది. అప్పటికే జుక్కల్ వైపు తండాలో భద్రుకు రెండో పెళ్లికి పిల్లను చూశారు. హేమ్లి ఎవరికీ చెప్పకుండా బాన్సువాడ దవాఖానకు వెళ్లింది. డాక్టర్ రాధాకుమారి పాత కాన్పుల సంగతులన్నీ అడిగి, నెత్తురు తీసి నిజామాబాద్‌కు పరీక్షకు పంపింది. మళ్లీ వెళ్లినప్పుడు తలుపు దగ్గరకు వేసి చెప్పింది.

“నీ రక్తంలో సవాయి రోగం, అంటే సిఫిలిస్ ఆనవాలు కనబడింది హేమ్లీ. పైకి ఏమీ తెలియదు. కడుపులో బిడ్డకు అదే సోకుతుంది. ఇప్పుడే సూదులు వేయించుకుంటే బిడ్డ దక్కవచ్చు.”

“నాకెట్లొచ్చింది డాక్టరమ్మా? నేను తండా దాటి ఎటు పోయిన?”

“మగవాడి నుంచి వస్తుంది. అతన్ని కూడా తీసుకురా. ఇద్దరికీ సూదులు పడాలి.”

దారిలో ఆమెకు ఏడుపు రాలేదు. భద్రు లారీ తిరిగే ఊళ్లన్నీ తలచుకుంటూ నడిచింది. ఆ రోజే భద్రును చాటుకు పిలిచి చెప్పింది. అతను చెంప మీద కొట్టాడు.

“నా నెత్తురుల ఏముంటది? నువ్వే ఎక్కడనో తెచ్చుకున్నవ్.”

హేమ్లి బాన్సువాడ నడిచి వెళ్లి సూదులన్నీ వేయించుకుంది. సమయం కోసం కాచుకుంది.

పెళ్లి ఖాయం చేసుకునే రోజు పిల్ల తండ్రి హర్యా తన పెద్దలతో వచ్చాడు. భద్రు ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. బెల్లం పంచుతుండగా హేమ్లి కడుపు పట్టుకుని మగవాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది.

“హర్యా కాకా, బిడ్డనిచ్చే ముందు గీయన నెత్తురు పరీక్ష చేయించు. నా నెత్తురుల రోగమున్నదని దవాఖానల చెప్పిండ్రు. నేను సూదులేసుకున్న, గీయన ఏసుకోలే. నా ఇద్దరు పిల్లలు గందుకే పోయిండ్రు. రేపు నీ బిడ్డకు గూడ గిదే గతి.”

ధర్మి ఆమె జుట్టు పట్టుకోబోయింది. హేమ్లి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“పిల్లల్ని ఎవరు మింగిండ్రో నీ కొడుకునడుగు అత్తా.”

“అంతా అబద్ధం” అన్నాడు భద్రు.

“అబద్ధమైతే నీకు ఫికరెందుకు? నా నెత్తురు చూపిచ్చిన. నీ నెత్తురు కూడా చూపియ్యి.”

హర్యా చేతిలోని బెల్లం కింద పెట్టాడు. పరీక్ష కాకుండా మాట లేదన్నాడు. తండా పెద్ద అయిన నాయక్ లాల్‌సింగ్ కూడా సరేనన్నాడు. భద్రు దవాఖానకు వెళ్లక తప్పలేదు. హేమ్లి వెంటే వెళ్లి, నెత్తురు తీసే సూది అతని చేతిలో దిగుతుంటే కళ్లు తిప్పకుండా చూసింది. అంత హాయి తనకు పెళ్లినాడు కూడా కలగలేదని తర్వాత తన కన్నతల్లితో చెప్పింది.

ఫలితం డాక్టర్ భద్రుకే చెప్పింది. తండాలో నాయక్ అడిగినప్పుడు అతను తల ఎత్తలేదు. హర్యాకు అది చాలింది. ఆ సంబంధం పోయింది, భద్రుకు ఇంకెవరూ పిల్లనివ్వలేదు. అతను కూడా నోరు మూసుకుని సూదులు వేయించుకున్నాడు.

హేమ్లికి ఆడపిల్ల పుట్టింది, పుట్టగానే ఏడ్చింది. ధర్మి దవాఖానకు వచ్చి చేతులు చాపింది.

“పిల్లల్ని మింగేదాని బిడ్డ నీకెందుకు అత్తా?” అని హేమ్లి అటు తిరిగి పడుకుంది. అట్నుంచి అటే పుట్టింటి తండాకు వెళ్లిపోయింది.

భద్రు చాలాసార్లు వచ్చాడు. వాకిట్లో నిలబెట్టి పంపించేది. ఒకసారి రాధాకుమారి అడిగింది, అతనికీ నయమైంది కదా, ఇంకా ఎందుకు దూరం పెడుతున్నావని.

“రోగం పోయింది డాక్టరమ్మా. కోపం పోలే. పోవద్దు గూడ.”

ధర్మి బతికినన్నాళ్లూ మనవరాలిని బాన్సువాడ అంగడిలో దూరం నుంచే చూసింది. ఎత్తుకోవడానికి హేమ్లి ఒక్కసారి కూడా ఇవ్వలేదు.