తీపి గిట్టని అత్త

పోయిన వారం పొద్దున్నే తిరుప్పూరు నుంచి మా అత్త కొడుకు ఫోన్ చేశాడు. "వదినా, అమ్మ పోయింది" అన్నాడు.  ఊపిరి ఆడక ఆమె చాలాకాలంగా బాధపడుతూనే ఉంది. మిల్లులో ఏళ్ళ తరబడి పీల్చిన దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరు ముందే చెప్పాడు. నేను బస్సెక్కి వెళ్ళేసరికి ఆమెను ఇంటిముందు బెంచీ మీద పడుకోబెట్టి ఉన్నారు. చూడవచ్చిన వాళ్ళలో ఒకామె పక్కామెతో, ఈమె నోటికే కాదు, మనసుకు కూడా తీపి తెలియదు అంది. ఆ మాట నేను అంతకుముందూ విన్నాను. అందుకే ఇది రాయాలనిపించింది.

ఆమె మా నాన్నకు చెల్లెలు. కోయంబత్తూరులో మిల్లువాళ్ళు పనివాళ్ళకు కట్టించిన లైను ఇండ్లలో మా గోడకు ఆనుకునే వాళ్ళ ఇల్లు. ఒకే గది, ముందు చిన్న తిన్నె. అందులో అత్త, మామ, పసివాడైన వాళ్ళ కొడుకు, మామను కన్నతల్లి ఉండేవాళ్ళు. ఆ ముసలామెను లైనంతా అవ్వ అని పిలిచేది.

అత్తకు చిన్నప్పటి నుంచీ తీపి గిట్టదు. పెళ్ళిపీటల మీద పాలూ పండూ నోట్లో పెడితే మింగలేక కళ్ళనీళ్ళు పెట్టుకుందట. అవ్వ ఆ సంగతి నవ్వుతూ మొదలుపెట్టి విసుగ్గా ముగించేది. పక్కింట్లో బెల్లం పాకం కాగుతుంటే అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వీధిలోకి వచ్చి నిలబడేది. అప్పట్లో చుట్టం వస్తే అంగడి నుంచి తియ్యటి కలరు సోడా సీసా తెప్పించి ఇవ్వడం మర్యాద. అత్త ఆ ఎర్రటి సీసాను పక్కకు జరిపి, "నీళ్ళు ఇయ్యండి చాలు. నాకు అదే మర్యాద" అనేది. మిల్లువాళ్ళు దీపావళికి పంచే లడ్డు పొట్లం విప్పకుండానే నా చేతిలో పెట్టేది.

నన్ను మిల్లులో చేర్పించింది ఆమే. నూలు కండెలకు చుట్టే వైండింగులో ఆమె పక్క మిషనే నాది. తెగిన నూలును చూడకుండా ముడివేయడం నాకు ఆమె నేర్పిందే. నేను తడబడితే కసరకుండా, తన మిషను ఆపి వచ్చి నా దారాలు అందుకునేది.

మామ స్పిన్నింగులో మేస్త్రీ. నెమ్మదస్తుడు. తీపంటే మాత్రం ప్రాణం. కేంటీనులో అసలే చక్కెర పాకంలా ఉండే టీలో మళ్ళీ చక్కెర వేయించుకునేవాడు. జీతం రోజున జిలేబీ లేకుండా ఇంటికి వచ్చేవాడు కాదు. కొన్నాళ్ళకు మనిషి చిక్కిపోయాడు, ఎంత తాగినా దాహం తీరేది కాదు. కాలికి తగిలిన చిన్న దెబ్బ మానలేదు. చూపిస్తే చక్కెర జబ్బన్నారు. ఆ సాయంత్రమే అత్త చక్కెర డబ్బా తెచ్చి మా ఇంట్లో పెట్టేసింది. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో ఎవరికీ తీపి లేదు. ఆయన ఎదురుగా బిడ్డ తింటే ఆయనకు మాత్రం ఆశ పుట్టదా అనేది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం మజ్జిగ. షిఫ్టు మధ్యలో చక్కెర లేని టీ తానే పట్టుకెళ్ళి ఇచ్చేది. మామ ముఖం చిట్లించుకుని తాగేవాడు.

లైనులో ఎవరూ దాన్ని వైద్యం అనుకోలేదు. తనకు గిట్టదు కాబట్టి మొగుడి నోరు కట్టేసిందన్నారు. జాలిపడి మామను ఇండ్లలోకి పిలిచి పాయసం పెట్టారు. మిల్లు గేటు దగ్గర ఆయన కలరు తాగుతుండగా నేనే చూశాను.

ఒకరోజు పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాక, మామ పరుపు ఎండేయడానికి ఇద్దరం ఎత్తాం. కింద నుంచి కాగితం పొట్లం జారిపడింది. నూనె మరకల కాగితంలో జిలేబీ. అవ్వ తిన్నె మీద కూర్చుని ఇటే చూస్తోంది. అత్త వంగి పొట్లం తీసుకుంది, సందు చివర కాలవలో పారేసి వచ్చింది, చేతులు కడుక్కుంది. అవ్వను ఒక్క మాట అనలేదు.

ఎందుకు అడగలేదని ఆ సాయంత్రం కొళాయి దగ్గర నేను నిలదీశాను.

"ఏమని అడిగేది కణ్ణూ? ఆమె బిడ్డకు ఆమె పెట్టుకొనింది. ఇప్పుడు అడిగి బయట పెడితే, రేపు ఆయనకు ఏమన్నా అయితే ఆ ముసల్ది బతకతాదా?"

అయింది. కాలు నల్లబడింది. పెద్దాసుపత్రిలో మోకాలి దాకా తీసేశారు. ఆ వరండాలో చుట్టాలందరి ముందూ అవ్వ అత్తను వేలెత్తి చూపింది.

"తీపి దీనికి గిట్టదు. దానికని నా బిడ్డను తీపికి మొగం వాచేటట్టు ఏంగబెట్టింది. ఆ ఆశే వాణ్ణి తినేసింది."

నేను నోరు తెరవబోయాను. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు వదలకుండానే తల వంచుకుని ఆ మాటలన్నీ విన్నది.

పుండు పైకి పాకి, వానలు మొదలయ్యే లోపే మామ పోయాడు. కర్మ రోజున ఆయనకు ఇష్టమైనవి ఆకులో పెట్టాలన్నారు పెద్దవాళ్ళు. కజ్జాయాలు వండడానికి ఆడవాళ్ళు ముందుకొస్తే అత్త ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. కళ్ళు కారుతుండగా పాకం పట్టింది, పిండి కలిపింది, ఒక్కొక్కటే వేయించి తీసింది. ఫోటో ముందు ఆకు నిండా పేర్చి కూర్చుంది.

"ఇప్పుడు తిను. ఇంక అది నిన్ను ఏమీ చెయ్యదు."

 అవ్వ గోడ పట్టుకుని లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె తీపి ముట్టగా నేను చూడలేదు. పండక్కి మా అమ్మ తెచ్చి ఇచ్చినా వద్దని తల ఊపేది. పొట్లం సంగతి మాత్రం వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. అత్త బతికి ఉన్నంతకాలం నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

అత్త మిల్లుకు పోతూనే ఉండింది. బిడ్డను చదివించింది, మిల్లు మూతపడ్డాక బీడీలు చుట్టింది. నాకు నలభై దాటాక ఒంట్లో చక్కెర కనబడిందని తెలిసి, నెలకోసారి వచ్చి నా వంటిల్లు తానే వెతికేది. నాతో గొడవపడేది కాదు. దొరికింది తీసుకుని పోయేది, అంతే. నా కాళ్ళ మీద నేను నిలబడి ఉన్నానంటే అందులో ఆమె వంతు ఉంది.

ఆమెను తలుచుకుంటే నాకు లైను ఇంటి తిన్నె మీది ఒక సాయంత్రం కనబడుతుంది. అప్పటికి అవ్వకు చూపు మందగించింది. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు తలలకు దూది అంటుకుని వీధిలో నడిచిపోతున్నారు. అత్త చక్కెర వేయని టీ గ్లాసును అవ్వ చేతిలో పెట్టి, జారకుండా ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా గ్లాసు చుట్టూ ముడిచింది. అవ్వ ఊదుకుంటూ అడుగుదాకా తాగింది.

"ఇంకొంచం పొయ్యనా అత్తా?" అని అవ్వను అడిగింది.

అవ్వ ఖాళీ గ్లాసును రెండు చేతులతో కోడలున్న వైపుకు చాచి, అలాగే పట్టుకుని కూర్చుంది.