నల్లచేనుతో పాటు అమ్మ

యలమందయ్యకి తమ్ముడు కోటేష్ అంటే కడుపుమంట. దాచడమెందుకు, ఊరందరికీ తెలిసిందే. యాభై దాటినా, చిన్నప్పుడు తల్లి బసవమ్మ కోటేష్‌ పెరుగులో మీగడ ఎక్కువ వేసేదని ఇంకా చెప్పుకుని ఏడ్చేవాడు. కోటేష్ వినుకొండలో పురుగుమందుల కొట్టు పెట్టాడు. అది బాగా నడుస్తోందని ఇతగాడికి నిద్ర లేదు. మందు కావలసి వస్తే తమ్ముడి కొట్టు దాటిపోయి, అవతలి కొట్లో ఎక్కువ పెట్టి కొనుక్కునేవాడు. చూశారా కుళ్లు! పోనీ చెడ్డవాడా అంటే కాదు. మిరపతోటలో అతనంత ఒళ్లు వంచేవాడు ఆ ఊళ్లో లేడు. తల్లికి జ్వరమొస్తే ముందు పరుగెత్తేదీ అతనే.

రెండువేల రెండులో తండ్రి మిరపకాయల కళ్లంలోనే గుండె పట్టుకుని పోయాడు. వీలునామా లేదు. చట్టప్రకారం బసవమ్మకీ వాటా వస్తుందని ప్లీడరు చెబితే, "నాకెందుకయ్యా చేలు? ఇంత ముద్ద పెడితే చాలు" అందామె. ఇక పంచుకోవాల్సింది అన్నదమ్ములిద్దరే. ఆ ఊళ్లో పద్ధతేమిటంటే, వాటాలు పెద్దకొడుకు వేస్తాడు, ముందు కోరుకునేది చిన్నకొడుకు. మంచి వాటా తమ్ముడు ఎగరేసుకుపోతాడన్న భయానికైనా పెద్దవాడు సమానంగా వేస్తాడని.

చచ్చిందిరా గొర్రె అనుకున్నాడు యలమందయ్య. రోడ్డు పక్క నల్లరేగడి చేను మీదే అతని ప్రాణమంతా. తన చేతులతో గట్లు వేసిన నేల అది. మిగిలినవి అంతంతమాత్రం పండే ఎర్రచెలక, తల్లి ఒక్కతే ఉంటున్న పాత ఇల్లు. ఎలా వేసినా కోటేష్ నల్లచేనే కోరుకుంటాడు.

కుళ్లి కుళ్లి చివరికొక ఎత్తు వేశాడు. పంపకాల రోజు పొలం నుంచి నేరుగా పెద్దమనిషి నన్నే సాహెబ్ ఇంటికి వెళ్లి, అందరూ అరుగు మీద కూర్చున్నాక చెప్పాడు.

"ఎర్రచెలకా, పాత ఇల్లూ ఒక వాటా. నల్లచేను ఒక వాటా. నల్లచేను తీసుకున్నోడు అమ్మని చూసుకోవాల."

కోటేష్‌ది రెండు గదుల అద్దె ఇల్లు. అతని భార్య శ్రీదివ్యకీ అత్తగారికీ ఒక్క పూట పొసగదు. అమ్మ పేరెత్తితే జడుసుకుని చెలకే కోరుకుంటాడని యలమందయ్య ఆశ.

నన్నే సాహెబ్ మొహం చిట్లించాడు. "ఏరా, మీ అమ్మని అడిగావా?"

"అడిగేదేంది బాబాయ్? ఆమె ఎప్పుడూ చిన్నోడి తల్లేగా!"

గుమ్మంలో కూర్చున్న బసవమ్మ తలెత్తి పెద్దకొడుకు వంక చూసింది.

కోటేష్ కాసేపు తల గోక్కున్నాడు. "నల్లచేను నాకు. అమ్మని తీసుకెళ్తా. కొట్టు వెనక గది ఖాళీ చేయిస్తాలే."

యలమందయ్య మొహం మాడిపోయింది. "తీసుకో! చేనూ నీదే, అమ్మా నీదే! పుట్టినకాడ్నుంచీ అంతేగా!" అని కండువా దులిపి లేచిపోయాడు.

ఇంటికొచ్చేసరికి వసారాలో తల్లి నులకమంచం, ట్రంకుపెట్టె, పచ్చళ్ల జాడీలు ఉన్నాయి. "ఇయ్యెందుకొచ్చినయ్యే?" అని భార్య వెంకటరావమ్మని గద్దించాడు.

"పొద్దున మీరు చేనుకి పోయినాక అత్తే మోయించింది. వాటాలు ఎట్టయినా పోనీ, నేను పెద్దోడికాడే ఉంటా, వాడు కనపడకపోతే నాకు తోచదు అంది. పంపకాలైనాక మీకు తనే చెబుతానంది. ఏందండీ, అట్టా చూస్తారు?"

యలమందయ్య మంచంపట్టె మీద కూలబడ్డాడు. అంతలో వాకిట్లో ఆటో ఆగింది. కోటేష్ వెనక సీట్లోనే ఉన్నాడు. బసవమ్మ దిగి వసారాలోకి వచ్చింది.

"అమ్మా, నువ్వు ఈడే ఉండవే," అన్నాడు యలమందయ్య మంచం మీంచి లేచి.

"ఈడే ఉంటే, అమ్మ నాకాడుంది కాబట్టి చేనూ నాదేనని రేపు నువ్వే తగువుకి పోతావు," అందామె. "నలుగుర్లో అన్న మాటరా. పెట్టె పట్టు."

ట్రంకుపెట్టె తనే మోసుకెళ్లి ఆటోలో పెట్టాడు. తమ్ముడి పక్కన తల్లి సర్దుకుని కూర్చుంటుంటే ఎప్పట్లాగే కడుపు మండింది. ఈసారి తిట్టుకోవడానికి మాత్రం తను తప్ప ఎవరూ దొరకలేదు.