నాగా లేని గోలీ

పోయిన శనివారం మా పక్కింటి వదిన చనిపోయింది. పొద్దున దీపం పెట్టి లేవబోతూ పడిపోయింది. ఉప్పల్ దవాఖానాలో చేర్పిస్తే సాయంత్రం దాకా కూడా ఉండలేదు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు.

"ఎంత పుణ్యం జేసుకున్నదో, ఒక్కపొద్దుతోటి పోయింది" అని మా భజన మండలి పెద్దమ్మ అంటే అందరూ తలలూపారు. నేనూ ఆ మండలిలో పాడతాను, శనివారాలు ఒక్కపొద్దుంటాను. అయినా ఆ మాటకు నా ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

వదినకు పిల్లలు లేరు. మా నాచారం గల్లీలో ఆమె, ముసలి కుక్క టైగర్, అంతే. కిందటేడు అది గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతూ, అన్నం మానేసి చిక్కిపోతే ఇద్దరం ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కిడ్నీలు దెబ్బతిన్నాయని రక్త పరీక్షలో తేలింది. డాక్టరు దాన్ని కాసేపు నిమ్మళంగా పడుకోనిచ్చి, ముందుకాలికి చిన్న పట్టీ చుట్టి, మళ్లీ మళ్లీ బీపీ చూశాడు.

"నాకు బీపీ సూసేటోళ్లు గిట్ల ఒక్కనాడన్న ఆగిన్రా?" అని వదిన నా చెవిలో గొణిగింది.

"కిడ్నీలు మళ్లీ బాగుకావమ్మా. బీపీ అదుపులో ఉంటే కొన్నాళ్లు నెట్టుకొస్తయి. లేకుంటే కండ్లు గూడ పోవచ్చు. ఈ బీపీ గోలీ మాత్రం ఒక్కరోజు గూడ నాగా పెట్టొద్దు" అన్నాడాయన.

"పెట్టను సార్."

అది వదిన తన బీపీకి వేసుకునే గోలీయే, కుక్క బరువుకు తగ్గ మోతాదు. "మా ఇద్దరిదీ ఒకటే మందు, ఒక్క తల్లి పిల్లలం" అని గల్లీ అంతా చెప్పుకుంది. రోజూ పొద్దున్నే టైగర్ ఎదురుగా కూర్చుని, తను నోరు తెరిచి "ఆ అనురా" అనేది. అది తెరవగానే గోలీ నాలుక మీద వేసేది. శనివారాలూ అంతే. తెరిచిన తన నోరు మాత్రం ఆ రోజు ఖాళీ.

గోలీ మింగితే ఒక్కపొద్దు చెడుతుందని ఆమెకు చెప్పింది ఆ పెద్దమ్మే.

"వదినా, గుక్కెడు నీళ్లతోటి గోలీ మింగితే దేవుడు అలుగుతడా?" అని ఎన్నోసార్లు అడిగాను.

"జర మెల్లగ మాట్లాడు, ఆయన ఇంటడు" అని నవ్వేది. "టైగర్‌గానికి నోరు లేదు, వానికి నాగా పెడితే పాపం. నాకేమైతది?"

ఏమైందో ఇప్పుడు ఎవరికి చెప్పాలి? నాకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చి, నేను గోలీ మింగేదాకా మంచం పక్కనుంచి కదలని మనిషి ఆమె. గోలీ వద్దని నా దేవుడు అనలేదు. మనుషులు అన్నారు. ఆమె విన్నది. ఇప్పుడు దానికి పుణ్యమని పేరు పెడుతున్నారు.

టైగర్ మా ఇంట్లో ఉంది. ఈ శనివారం పొద్దున గోలీ వేయబోతే పళ్లు బిగించింది. వదినలాగే ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి "ఆ" అన్నాను. అది తాళం వేసిన ఆమె తలుపు వైపు చూసింది. గట్టిగా అన్నాను. చెవులు కదిలించి ఊరుకుంది. ఈసారి అరిచాను. నా అరుపు ఎప్పుడూ వినని గల్లీ వాళ్లు తొంగి చూశారు.

టైగర్ నోరు తెరిచింది.