నాచు చచ్చిన సోమవారం

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో నాకు తెలియదు. ఏడేళ్లుగా మోస్తున్నాను, ఇక మోయలేను, అంతే. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను నల్లగొండలో ఒక కాలేజీ ల్యాబులో అటెండర్ని. గాజుసామాను కడగడం, తాళాలు తీయడం, వేయడం నా పని. అక్కడ వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ ఒకామె ఉండేది. పాలమూరు వైపు పల్లె ఆమెది. పీహెచ్‌డీ కోసం నాచు పెంచేది. మన చెరువుల్లోది కాదు. దక్షిణ ధ్రువం దగ్గర, సముద్రం మీద పేరుకున్న మంచు అడుగున బతికేది. అక్కడికి పరిశోధనకు వెళ్లొచ్చిన స్నేహితురాలు చిన్న సీసాలో తెచ్చిచ్చిందట. సముద్రం ముఖమే చూడని నల్లగొండలో, మేడమ్ ఉప్పూ ఇంకేవేవో తూచి సముద్రపు నీళ్లు కలిపి, ఆ నాచును చల్లపెట్టెలో మూడేళ్లు సాకింది. సీసాలో చూస్తే పలుచటి డికాషన్‌లా ఉండేది. ఒకసారి పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. ఒక్కోటి ఒక్కో గాజు డబ్బీలో కూర్చున్నట్టుంది. అబ్బ, ఎంత ముద్దొచ్చాయో! నెలల తరబడి చీకటినైనా ఓర్చుకుంటాయట గానీ వేడిని ఓర్చుకోలేవట. అందుకే పెట్టె చల్లదనం చూపే ముల్లు ఎప్పుడూ సున్నాకు ఒక గీత కిందే ఉండాలి. పనిదినాల్లో పొద్దున్నే ఆ ముల్లు చూసి రిజిస్టర్లో అంకె వేయడం కూడా నా పనే.

మాది గొర్రెలు కాసే ఇల్లు. నకిరేకల్ దగ్గర పల్లె. మంద మా అన్న చూసుకుంటాడు. తొలకరికి మొలిచిన లేతగడ్డి మేస్తే జీవాలకు చిటుక రోగం వస్తుంది. చిటికె వేసినంతలో పడి చస్తాయి. అందుకని వానలకు ముందే టీకా వేయించాలి. ఆ ఏడు మే నెలలో ఒక శనివారం నల్లగొండలోనే టీకా మందు కొన్నాను. ఊళ్లో గాలిదుమారానికి స్తంభాలు పడిపోయి కరెంటు లేదు. మర్నాటి దాకా మందు చల్లగా ఉండాలి. గడ్డ మాత్రం కట్టకూడదు, కడితే పనికిరాదు. నాకు చల్లపెట్టె గుర్తొచ్చింది. మేడమ్ ఉప్పునీళ్లు సున్నా కిందికి పోయినా గడ్డకట్టవు, మా మందు కడుతుంది. అందుకని మందు అందులో పెట్టి, నాబ్‌ను కొంచెం వెచ్చవైపు తిప్పాను. కొంచెమే అనుకున్నాను. పాత పెట్టె, నాబ్ చుట్టూ ఉన్న అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి.

ఆదివారం పొద్దున్నే వచ్చి మందు తీసుకున్నాను. సీసాలు చల్లగానే తగిలాయి; పెట్టె ఇంకా మెల్లగా వెచ్చబడుతూనే ఉందని నాకు తట్టలేదు. బయట అన్న బండి మీద కూర్చుని ఒకటే హారన్. ఆ తొందరలో నాబ్ వెనక్కి తిప్పడం మరిచాను.

ఇంతవరకూ మరుపు. దాన్ని ఎవరైనా క్షమించేవారేమో. తర్వాత చేసింది మరుపు కాదు.

సోమవారం మేడమ్ కన్నా ముందే వచ్చి ముల్లు చూశాను. అది ఉండాల్సిన చోట లేదు. నాబ్‌ను పాత చోటికి తిప్పేశాను. రిజిస్టర్లో ఎప్పటి అంకే వేశాను. చేయి వణకలేదు కూడా. ఎందుకు వణకలేదు? ఉద్యోగం పోతుందన్న భయం అంత గట్టిదా? లేక, గొర్రెల మందు తెచ్చి సైన్సు పెట్టెలో పెట్టాడని నలుగురూ నవ్వుతారని, ఆ నవ్వు పడలేకా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఏది ముందో తేలడం లేదు.

మధ్యాహ్నం తరగతులు అయ్యాక మేడమ్ వచ్చింది. అప్పటికి పెట్టె మళ్లీ చల్లబడింది. సీసాలన్నిటిలోనూ నాచు పాలిపోయి అడుగున మడ్డిలా పడి ఉంది. ఆమె ఒక్కో సీసానూ వెలుతురుకు ఎత్తి చూసింది.

“అన్నా, డబ్బా చల్లగనే ఉండెనా?”

“ఉండె మేడమ్. రిజిస్టర్ల రాసిన, జూడుండ్రి.”

చూసింది. నమ్మింది.

“అయితే నేనే సంపుకున్న. శుక్రారం నీళ్లు మార్చింది నేనే గద. ఉప్పు తూకంల గడబడ చేసినట్టున్న.”

ఆ తర్వాత ఏడాది పాటు ఆమె తన తప్పు వెతికింది. ఉప్పు పరీక్షించింది, నీళ్లు పరీక్షించింది, చివరికి గాజు మీద కూడా అనుమానపడింది. ఆమె వెతికే ప్రతి సీసానూ కడిగిచ్చింది నేనే. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కడిగాను. మళ్లీ ఆ నాచు దొరకలేదు. పీహెచ్‌డీ మానేసి వెళ్లిపోయింది. ఆ ఏడు మా మందలో ఒక్క జీవం కూడా పోలేదు. అన్న సంతోషపడి వేట కోశాడు. తిన్నాను. సిగ్గులేకుండా రెండోసారి పెట్టించుకున్నాను కూడా.

మొన్న నార్కట్‌పల్లి బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టి పలకరించింది.

“ఇప్పుడు బడిల సైన్సు చెప్తున్న అన్నా. మన నాచు ముచ్చట ఏటేటా పిల్లలకు చెప్తా. నా చేతులనే చచ్చినయి, తప్పయితే దాయొద్దు, నేనొప్పుకున్నట్టు ఒప్పుకోవాలె అని.”

నవ్వుతూనే చెప్పింది. నేనేమన్నానో తెలుసా? “బస్సొచ్చింది మేడమ్” అన్నాను.

ఏటా ఒక తరగతి పిల్లల ముందు నిలబడి ఆమె నా తప్పు ఒప్పుకుంటోంది. ఇన్నాళ్లూ ఆమె చదువు ఒక్కటే పాడుచేశాననుకున్నాను. థూ, నా బతుకు!

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాను, ఇంకా చేయలేదు. చేస్తానని గట్టిగా చెప్పలేను. కానీ ఆనాడు రిజిస్టర్లో వేయని అంకెను ఇక్కడైనా వేయాలి. ఈసారి చేయి వణుకుతోంది. అయినా గుండెకు కాస్త ఊపిరాడుతోంది.

ఆ సోమవారం పొద్దున ముల్లు పందొమ్మిది మీద ఉంది.