అమ్మ అంటించిన టేపు

మూడు రోజులుగా నా ల్యాప్‌టాప్ పది నిమిషాలకే కాలిపోతూ ఆగిపోతోంది. రేపటితో గడువు తీరే ఎమ్మెస్సీ దరఖాస్తు ప్రతిసారీ సగంలోనే పోతోంది. ఇంకో ఏడాది ఈ మోక ఊళ్ళోనే కూర్చోవాలేమో అనుకుంటూ ఇవాళ సాయంత్రం దాన్ని తిరగేసి చూశాను. అడుగున గాలి ఆడే రంధ్రాలన్నీ గోధుమరంగు టేపుతో మూసి ఉన్నాయి. ఖనిజం లారీల ఎర్రదుమ్ము రాకుండా మా కిటికీ సందులకు అమ్మ అంటించే టేపే అది.

"ఇదేందిమా?" అని అడిగాను.

"ధూళు లోపలికి పోతాందని నేనే అంటిస్తిని."

"దానికి ఊపిరాడొద్దా?"

"నేను ముక్కుకి గుడ్డ కట్టుకొనే పని చేస్తాండా పాపా. నాకు ఊపిరాడ్తా లేదా?"

టేపు పీకేసి, చల్లారాక మళ్ళీ మొదలుపెట్టాను. అమ్మ దుప్పటి తడిపి తెచ్చి, నేను దరఖాస్తు నింపినంతసేపూ కిటికీకి అడ్డంగా పట్టుకుని నిలబడింది. బయట లారీలు పోతూనే ఉన్నాయి. నలభై నిమిషాలకు దరఖాస్తు అందినట్టు తెర మీద వచ్చింది. ల్యాప్‌టాప్ ఒక్కసారీ ఆగలేదు.

"అయ్యిందా? చేతులు నొస్తాండాయి" అంది అమ్మ.

సీటొస్తే అందులో సగం ఆ చేతులదే. మీ ఇళ్ళల్లో ఇలాంటి ఇంజినీర్లు ఎవరున్నారో చెప్పండి.