రెండో కొంగ

చూపు పోతున్నదని తెలిసిన ఏడాది కోదాడ సార్ కోరుకున్నది ఒక్కటే. అది పోయేలోపు నల్లకొంగను చూడాలి.

సార్ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నేను సూర్యాపేటలో ఉంటూ పత్రికలో పనిచేసినవాణ్ణి. బైనాక్యులర్ పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. చలికాలం వస్తే ఇద్దరం నడిగూడెం చుట్టుపక్కల చెరువులన్నీ తిరిగేవాళ్ళం. మంచు దేశాల నుంచి వచ్చే బాతులనూ, గద్దలనూ చాలానే చూశాం. నల్లకొంగ మాత్రం దొరకలేదు. ఒళ్ళు నలుపు, పొట్ట తెలుపు, ముక్కూ కాళ్ళూ ఎరుపు. మనవైపు రావడమే అరుదు. వచ్చినా మనిషి అలికిడి లేనిచోట దిగుతుంది. షుగరు వల్ల సార్ కళ్ళలో రక్తం చిమ్ముతున్నదనీ, వేసవి దాకా కొంత చూపు ఉంటే ఉండొచ్చనీ హైదరాబాద్‌లో డాక్టర్లు తేల్చారు.

క్రిస్మస్ ముందురోజు మిర్యాలగూడలో పని చూసుకుని మాడుగులపల్లి వైపు వెళ్తుంటే నా బండి పంక్చరైంది. షాపతను చక్రం విప్పుతుంటే ఊరికే ఉండలేక కాలువ గట్టెక్కాను. కోసిన వరిమడుల్లో కోస్తా నుంచి వచ్చినవాళ్ళు బాతులను మేపుతున్నారు. రాలిన గింజల కోసం ఏటా వస్తారు. బాతులు పక్కవాళ్ళ నారుమడిలో పడకుండా తోలే కర్రకే నల్లగుడ్డ కట్టి గట్టుమీద పాతుతారు. ఆ గుడ్డను చూసి బాతులు అటు పోవు. ఆ కర్రకు అవతల, నీళ్ళు నిలిచిన మడిలో, ఇంకొకటి నిలబడి ఉంది. అదీ కర్రే అనుకున్నాను. అది మెడ వంచింది. ముక్కు ఎర్రగా ఉంది.

ఫోన్‌తో తీస్తే నల్లచుక్క తప్ప ఏమీ పడలేదు. సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన వెంటనే బయల్దేరతానన్నారు. తర్వాత ఫోన్ ఆయన భార్య అందుకున్నారు.

"అన్నా, రేపు పండగ. చర్చిలో ముందు వరసలో కూసునే మనిషి, కొంగ కోసం పోతానంటున్నడు. మీరన్నా చెప్పండి."

వెనక నుంచి సార్ గొంతు వినిపించింది. "దేవుడు చేసిందాన్నే సూడబోతున్నా. ఆయనేం అనుకోడులే."

ఆ సాయంత్రం బస్సుకే సార్ మిర్యాలగూడ వచ్చారు. లాడ్జిలో దిగాం. తెల్లారి ఆయన్ను బండి మీద ఎక్కించుకుని బయల్దేరాను. మిల్లుల్లో ఉడుకుతున్న వడ్ల వాసన, మంచు కలిసి రోడ్డంతా కమ్ముకుని ఉన్నాయి. గట్టు దగ్గర బాతుల అరుపులు వినపడలేదు. చలికి ఇంకా దడిలోంచి వదల్లేదేమో అనుకున్నాను.

సార్ బైనాక్యులర్ ఎత్తి చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. ఒకచోట ఆపారు.

"ఉందయ్యా" అన్నారు. "ఒకటి గాదు. రెండున్నయ్."

ఆయన చూస్తున్న వైపే చూశాను. మంచులో నిన్నటి కర్ర, దానికి నల్లగుడ్డ. కింద నీళ్ళలో దాని నీడ. అంతకుమించి ఏమీ లేదు.

"నువ్వూ సూడు" అని బైనాక్యులర్ నా చేతికిచ్చారు. ఆయన కంటికి తిప్పుకున్న అద్దాల్లో నాకంతా అలుక్కుపోయి కనపడింది. పత్రికలో మాకొక పద్ధతి ఉండేది. ఎంత పెద్ద వార్తయినా రెండో మనిషి నోట వినందే పేజీకి ఎక్కదు. ఇప్పుడు ఆ రెండో మనిషిని నేనే. అద్దాలు సరిచేసుకుంటే కర్ర కర్రలాగే కనపడుతుంది. అందుకే సరిచేసుకోలేదు.

"ఉన్నాయి సార్."

"రెండూ?"

"రెండూ."

తిరుగు దారిలో ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

ఎండాకాలం యాసంగి కోతలు మొదలయ్యేనాటికి సార్ చూపు పూర్తిగా పోయింది. ఆ రోజుల్లోనే మళ్ళీ అదే దారిన పోతూ, అదే మడుల్లో బాతులు కనపడితే ఆగాను. వాటిని కాస్తున్న ఒకామెతో మాటలు కలిపి, చలికాలం ఇక్కడ నల్లకొంగ కనపడిందా అని అడిగాను. బాతుల్ని చూసుకోడానికే రెండు కళ్ళూ చాలవని నవ్వింది. క్రిస్మస్ పొద్దున మీ కర్ర ఆ గట్టు మీదే ఉంది కదా అన్నాను.

"ఆ పొద్దున మేం ఇక్కడ లేమండి" అంది. "ముందురోజు సాయంత్రమే నిడమనూరు పక్కకి తోలుకెళ్ళిపోయాం. పండక్కి మావాళ్ళంతా అక్కడే."

కర్ర మరిచిపోయి వెళ్ళారేమో అన్నాను.

"కర్ర లేకపోతే బాతుల్ని దేంతో తోలతామండీ? కట్టుకున్న చీరైనా మర్చిపోతాం గానీ కర్ర మర్చిపోం."

ఆమె చేతిలోని కర్రకు నల్లగుడ్డ గాలికి ఆడుతోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. రైతెవరో ఇంకో కర్ర పాతారేమో. పాతి ఉండొచ్చు. లేదా ముందురోజు అక్కడ కర్రను చూసినవాణ్ణి కాబట్టి మర్నాడూ కర్రనే చూశానేమో. మంచి కళ్ళున్నవాణ్ణి నేను. బైనాక్యులర్ చేతిలో ఉంది. వేలితో చిన్న చక్రం తిప్పితే తెలిసిపోయేది.

అప్పటి నుంచి ఎక్కడ పాతిన కర్ర కనపడినా అది మెడ వంచుతుందేమోనని ఆగి చూస్తున్నాను.

ఆ మధ్య కోదాడ వెళ్ళాను. వరండాలో సార్ నా అడుగుల చప్పుడు పోల్చుకుని కుర్చీ చూపించారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ కొంగల కథ చెబుతున్నారని ఆయన భార్య వేళాకోళం చేస్తూ చాయ్ ఇచ్చారు. ఆమె లోపలికి వెళ్ళాక సార్ గొంతు తగ్గించారు.

"నాకు మసక మసకగనే కనపడ్డయయ్యా. ఒకటి కొంచెం యాదికొస్తది. రెండోది ఎట్లుండె? నువ్వు చాలాసేపు సూసినవ్ గదా, చెప్పు."

కళ్ళు మూసుకుని ఆ మడిని తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మంచు, నీళ్ళు, గట్టు మీద ఆ నలుపు. అది గాలికి కదిలిందా లేదా అన్నది ఎంత వెతికినా దొరకలేదు. ఆ పొద్దున గాలి ఉందో లేదో కూడా గుర్తు రాలేదు.

సార్ ముఖం నా వైపు తిప్పి, వినడానికి కొద్దిగా ముందుకు వంగారు.