మావ గుండె మాత్రలో పడవలో అందరికీ వాటా

టెక్కలి కాలేజీలో బీయెస్సీ మొదటి ఏడు చదివేవాడికి తెలియని విషయమంటూ ఆ రోజుల్లో ఉండేది కాదు. కనీసం నాకు లేదు. అక్కుపల్లిలో సొంత పడవ ఉన్న మా మావ గుండెనొప్పి వచ్చి బతికి బయటపడ్డాక, డాక్టరు రోజూ టిఫిను తిన్నాక ఒక చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకోమన్నాడు. ఎందుకో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు. నేను ఊరుకుంటానా? సెలవులకు వెళ్లి, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పడవవాళ్లను కూర్చోబెట్టి, రక్తం గడ్డకట్టకుండా ఆ మాత్ర ఎలా ఆపుతుందో ఇసుకలో బొమ్మ గీసి మరీ అరగంట చెప్పాను. దానివల్ల వచ్చే ముప్పు గురించి మాత్రం చెప్పలేదు (ఆ పేజీ నేను చదవలేదు).

అంతా విని మావ, "అంత మంచిదైతే నానొక్కడినే మింగితే ఏటి బాగుంటాదిరా అల్లుడా?" అన్నాడు. పడవలో పడిన ప్రతి చేపనూ వాటాలేసి పంచడం తప్ప మరోలా బతకడం తెలియని మనిషి. పలాసలో మందుల దుకాణంవాడు చీటీ అడక్కుండా అట్టలకట్టలు ఇచ్చేశాడు. మర్నాటి నుంచి వేటకు వెళ్లేముందు ఐదుగురికీ తలో మాత్ర, పరగడుపునే, ప్రసాదంలా. వాళ్లలో మావ కొడుకు, మా చినబావ, వల లాగిన నొప్పులకు అప్పటికే రోజూ రెండు నొప్పి బిళ్లలు మింగుతున్నాడు. అవి మానాడా? ఎందుకు మానతాడు, నేను మానమనలేదుగా!

నెల తిరక్కుండా చినబావ పడవలోనే నల్లగా వాంతి చేసుకుని కూలబడ్డాడు. టెక్కలి ఆసుపత్రిలో డాక్టరమ్మ, "కడుపులో పుండు పడి రక్తం కారుతోంది. ఇవన్నీ కలిపి మింగమని చెప్పిన మేధావి ఎవరు?" అంది. పడవ పడవంతా ఏకగ్రీవంగా నావైపు చూసింది. బావకు రక్తం ఎక్కించారు, గండం గడిచింది. "గుండెనొప్పి వచ్చిన ఆయన మాత్రం మానకూడదు. ఆయనకు మేలే ఎక్కువ, మీకు ముప్పే ఎక్కువ" అని చెప్పి పంపిందావిడ.

మావ వింటేగా! "నా కొడుకు రగతం తాగిన మాత్ర నాను ముట్టను. నలుగురికీ పడంది నాకొక్కడికెందుకు?" అని అట్టలన్నీ విసిరేశాడు. మూడు రోజులు బతిమాలాను. "నువ్వు నోరు మూసుకోరా డాకటేరూ" అన్నాడు. ఈసారి మావ పోతే, ఆ పాపం నాదే అని నాకు ఒకటే భయం.

నాలుగో రోజు అత్త చేప కోస్తూ తలెత్తకుండా అంది: "ఏటకెళ్లొచ్చినప్పుడల్లా పడవకి ఏరే వాటా తీత్తారు కదేటి. ఎవులైనా అది తింటారా? పడవ బాగుసేతకే గదా. నీ గుండె దెబ్బ తింది, ఈ మాత్ర దాని వాటా. ఎవులికీ పెట్టకు. మింగు." మావ అన్నం తిని, అత్త ఏరి దాచిన అట్టలోంచి ఒకటి తీసి మింగాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు మావ. ఇప్పుడు నాకూ అదే మాత్ర రాశారు. మొన్న పక్కింటాయన "రోజూ వేసుకుంటే మంచిదటగా?" అని అడిగితే, అరగంట ఉపన్యాసం నాలుక చివరికి వచ్చింది. "మీ డాక్టరునడగండి" అని ఊరుకున్నాను. ఇంత చిన్న మాట నేర్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టిందని నవ్వొచ్చింది. అత్త కూడా వింటే బాగుండేది.